చెవుల్లేని చిలక

అక్కకి,

ఇక్కడ నేనూ, నీ మరదలూ, నీ మేనకోడలూ క్షేమం. అక్కడ నువ్వూ, బావా క్షేమమని తలుస్తాను అని రాయబోతే చెయ్యి ఆగిపోయింది. నువ్వు క్షేమంగా లేవని తెలిసీ ఆ ముక్క ఎలా రాయను? అందుకని ఈసారికి మా క్షేమం మాత్రమే రాస్తున్నాను.

నీ ఉత్తరం అందింది. అడిగినవాటికి వరసగా జవాబులు చెబుతాను. పన్ను పీకించుకున్నాను. "చీమ కుట్టినట్టు ఉంటుందంతే" అంది డాక్టరు. ఆవిడ చీమల్ని ఎక్కడ పెంచుతోందో గానీ, రెండు రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాను. వంటింటి కప్పు కారడం ఆగింది. ఇప్పుడు ముందు గదిలో కారుతోంది. నీ మేనకోడలికి సైకిలు ఎక్కడం వచ్చింది, దిగడం రాలేదు. గోడ కనిపిస్తే ఆనించి దిగుతోంది, కనిపించకపోతే తిరుగుతూనే ఉంటోంది. "అత్త వచ్చాక చూపిస్తా" అంటోంది. నీ మరదలు నువ్వు పంపిన శాలువా కప్పుకుని పక్కనే కూర్చుంది. మధ్యమధ్యలో నా కాగితంలోకి తొంగి చూసి, "కప్పు సంగతులు చాలు గానీ, అసలు సంగతికి రండి" అంటోంది.

వస్తున్నాను. కాళ్ళు రావడం లేదు, అయినా వస్తున్నాను.

నీ ఎడమ చెవి వినపడక ఏడాది దాటిందనీ, కుడి చెవీ అదే దారి పట్టిందనీ, బడిలో డ్రాయింగు టీచరుకి తప్ప ఈ సంగతి ఎవరికీ చెప్పలేదనీ రాశావు. అక్కా, నేను పొద్దస్తమానం చేసేది వినికిడి మిషన్లు బాగుచేసే పని. షాపులోకి వచ్చిన మనిషి తల ఏ పక్కకి వంచాడో చూసి ఏ చెవికి ఇబ్బందో చెప్పేస్తానని మా పెద్దాయన నన్ను అందరి ముందూ మెచ్చుకుంటాడు. దీపం కింద చీకటంటే ఇదే. నువ్వు ఫోన్లు మానేసి ఉత్తరాలు మొదలుపెడితే, "ఏంటక్కా, కాలంలో వెనక్కి నడుస్తున్నావా?" అని ఎగతాళి చేశాను. "మా బడిలో ఒకావిడకి చెవి సరిగా వినపడట్లేదురా, ఎవర్ని అడగాలి?" అని నువ్వు రాస్తే, ఆ ఒకావిడ ఎవరో నాకు తట్టనే లేదు. "మిషన్లు పెట్టుకునేవాళ్ళూ, మాలాంటి మెకానిక్కులూ రాసుకునే ఫోరం ఒకటుంది, మారుపేరుతో అడగమను, ఎవరికీ తెలీదు" అని భరోసా ఇచ్చింది కూడా నేనే.

నా మాట నమ్మి ఆ ఫోరంలో రాశావు. పిల్లలు పాడుతుంటే పెదాలు కదలడం కనిపిస్తోంది గానీ పైస్వరాలు అందడం లేదని రాశావు. బడిలో చెబితే సంగీతం క్లాసు తీసేస్తారేమోనన్న భయమూ రాశావు. మీ పాత పియానోలో మోగని మెట్టుకి పిల్లలు 'నిద్రమొద్దు' అని పేరు పెట్టారని, ఇప్పుడు నీకు మెట్లన్నీ ఒక్కొక్కటే నిద్రమొద్దులైపోతున్నాయని కూడా రాశావు. అరగంటకే భయమేసి తీసేశావు. తీసేశాం కదా, పోయిందిలే అనుకున్నావు.

ఆ మాటలే వేరేచోట ఒక పిల్లాడి తల్లి కంటబడ్డాయి. నిద్రమొద్దు అన్న ఒక్క మాటతో ఆవిడ నిన్ను పోల్చుకుంది, అచ్చు తీసి హెడ్‌మిస్ట్రెస్ బల్ల మీద పెట్టింది. నిన్ను సంగీతం నుంచి తప్పించి లైబ్రరీలో కూర్చోబెట్టారు. ఆ రోజు మీ డ్రాయింగు టీచరు గురించి నువ్వు రాసింది నాకు బట్టీ వచ్చేసింది: "దానికి ముందే తెలుసురా. నాతో కళ్ళు కలపలేకపోయింది. నేను రాస్తున్నప్పుడు పక్కన కూర్చున్నది అదొక్కతే. ఫోటో తీసి దాచుకుని ఉంటుంది. కడుపులో పెట్టుకుంటుందనుకుంటే ఊరంతా చాటింది. ఇక జన్మలో దాని మొహం చూడను." హెడ్‌మిస్ట్రెస్ చూపించిన ఆ అచ్చు కాగితం పైన ఆకుపచ్చ చిలక బొమ్మ ఉందని కూడా రాశావు. "నీకు కంప్యూటర్లు తెలుసు కదా, ఆ చిలక వెనక ఎవరున్నారో వెతికి పట్టుకోరా. అదేనని రుజువు దొరికితే దాని మొహాన కొడతాను" అన్నావు.

వెతకాల్సిన పని లేదక్కా. ఆ చిలక బొమ్మ గీసింది నీ మేనకోడలు. ఆ చిలకని పెంచింది నేను.

చిలక అంటే నేను రాసిన బాట్. మనిషి అక్కర్లేకుండా తనంతట తానే నడిచే ప్రోగ్రాము. మా ఫోరంలో ఎవరేది రాసినా తీసుకెళ్ళి ఇంకో సోషల్ నెట్‌వర్క్‌లో పెడుతుంది. ఆ నెట్‌వర్క్‌కి ఒక యజమాని అంటూ ఉండడు. ఎవరి సర్వరు వాళ్ళు నడుపుకుంటారు, ఒక సర్వర్లో పెట్టిన మాట తక్కినవాటికి నకళ్ళుగా పాకిపోతుంది. మా ఫోరం ఊరికే పడకేస్తుంది, మంచి సలహాలన్నీ గల్లంతవుతాయి, నలుగురికీ పనికొస్తుంది కదా అని చేశాను. ఉద్దేశం మంచిదే. దాన్ని పాడుచేసింది నా గొప్ప. ఒకసారి ఒక పెద్ద మెకానిక్కు, తడిసిన మిషన్ని ఆరబెట్టే పద్ధతి రాసి, ఎవరితోనో గొడవపడి తీసేశాడు. అప్పట్నుంచి, ఫోరంలో తీసేసినా చిలక మాత్రం తీసెయ్యకూడదని దానికి నియమం పెట్టాను. "మరి ఎవరైనా వద్దనుకుని తీసేస్తే?" అని నీ మరదలు అప్పుడే అడిగింది. "వద్దనుకునేవాళ్ళు రాయడమెందుకు?" అన్నాను. ఎంత తెలివైన మాట అనేశానో అని నాలో నేనే మురిసిపోయాను కూడా. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

ఇంతకన్నా సిగ్గుమాలిన పని ఇంకొకటి ఉంది. నీ ఉత్తరం చదివాక నేను ముందు రాసింది ఇది కాదు. "చాలా వెతికాను, దొరకలేదు, మర్చిపో" అని నాలుగు ముక్కలు రాసి కవరు అంటించేశాను. ఆ డ్రాయింగు టీచరు నింద మోస్తే మోయనీ, నేను మాత్రం నీకు మంచి తమ్ముడిలాగే ఉండిపోవాలనుకున్నాను. అక్కా, నేనింత పిరికివాణ్ణని నాకే తెలియదు.

ఆనవాలు లేకుండా నీ రాతని తీసేద్దామని చిలక పేజీ తెరిచాను. కింద జవాబులున్నాయి. నేను వాటిని ఎప్పుడూ చదవలేదు. చిలకకి నోరే ఇచ్చాను గానీ చెవులివ్వలేదు, ఎవరేమన్నా అది వినదు. నీ రాత కింద ఒకే మనిషి మూడుసార్లు రాసింది. హెడ్‌మిస్ట్రెస్ నిన్ను పిలవడానికి వారం ముందు నుంచీ రాస్తోంది.

"ఇది రాసినావిడ దీన్ని తీసేసింది. దయచేసి మీరూ తీసెయ్యండి" అని మొదటిది. "అసలక్కడ మనుషులున్నారా? ఒక పిల్లాడి తల్లి స్టాఫ్ రూముకొచ్చి నాకు చూపించింది. నాలుగు రోజులు ఆగమని బతిమాలాను. ఆలోపు తీసెయ్యండి, ఇది ఆవిడకి తెలియకుండానే పోవాలి" అని రెండోది. మూడోది ఇంత పొడుగు లేదు. "మీకూ ఓ అక్కో చెల్లెలో ఉండే ఉంటుంది. మీ కాళ్ళు పట్టుకుంటాను."

ఆవిడ పేరు పక్కన ఒక బొమ్మ ఉంది. వెనకనుంచి గీసిన బొమ్మ, పియానో ముందు కూర్చుని తల కుడిపక్కకి వంచిన నువ్వు. డ్రాయింగు టీచరు గీసిచ్చిందని మీ ముందు గదిలో కిటికీ పక్కన తగిలించుకున్నావే, అదే.

అందుకే అక్కా, ఆవిడ నీతో కళ్ళు కలపలేకపోయింది. మొదటి జవాబు నేను చదివి ఉంటే అంతటితో పోయేది. అప్పటికింకా నీ రాత నా సర్వరు దాటి ఎక్కువ దూరం పోలేదు. పెదవి దాటితే పృథివి దాటుతుందని నువ్వే అంటుండేదానివి కదా. ఇప్పుడది ఎక్కడెక్కడికో పాకింది. చిలకని ఆపేశాను. ఒక్కో సర్వరు నడిపేవాళ్ళకీ రాసి బతిమాలుతున్నాను. కొందరు తీసేశారు, కొందరు పలకడం లేదు. పలకనివాళ్ళ మీద కోపం తెచ్చుకునే మొహం నాకు లేదు.

హెడ్‌మిస్ట్రెస్‌కి తప్పు నాదేనని విడిగా రాశాను. నీ క్లాసు నీకు తిరిగి వస్తుందో రాదో తెలియదు. నీ చెవులకి సరిపడే మిషను నా చేతులతో అమర్చి, ఆ పియానో పక్కన కూర్చుని స్వరం స్వరం సరిచూడాలని ఉంది. నువ్వు రమ్మంటేనే వస్తాను. వద్దంటే వేరే మంచి మెకానిక్కుని పంపిస్తాను.

నన్ను తిట్టడం తర్వాత. నేనెక్కడికీ పోను. ముందు చెప్పులేసుకుని ఆవిడ ఇంటికి వెళ్ళు. ఏం మాట్లాడాలో తెలియకపోతే ఈ ఉత్తరం చేతిలో పెట్టు. ఆవిడ రాసిన మూడు జవాబులూ అచ్చు తీసి దీంతో జతచేశాను. రుజువు కావాలన్నావు కదా అక్కా, ఇదే రుజువు.

ఇట్లు,
నువ్వు వెతికి పట్టుకోమన్నవాడు,
నీ తమ్ముడు.