కుడివైపు ఇండికేటర్

తెనాలి

తమ్ముడు ఫహీంకి అక్క దువాలు.

ఫోన్లో చెప్పలేక రాస్తున్నాను. మొన్న రేపల్లెలో నీ బండి వెనక కూర్చుని మలుపు దగ్గర నేను చెయ్యి చాపితే, "ఇండికేటర్ వెలుగుతోందిగా అక్కా, చెయ్యి తీసెయ్" అని కసిరావు. నీ తప్పేం లేదు. మీ బావగారు పోయినా నా చేతికి ఆ అలవాటు పోలేదు.

ఆయన స్కూటర్‌కి కుడి ఇండికేటర్ ఒకసారి వెలిగేది, ఒకసారి వెలిగేది కాదు. బల్బు మార్చారు, ఫ్లాషర్ మార్చారు, అయినా అంతే. మలుపు రాగానే వెనక్కి తిరక్కుండా "చెయ్యి" అనేవారు. నేను చాపేదాన్ని. బాపట్ల దాకా వెళ్లినా దారంతా మా మధ్య మాట అదొక్కటే. ఆయన సంగతి నీకు తెలుసుగా.

నువ్వు ఆ స్కూటర్ తీసుకుంటానన్నావని నిన్న బాగుచేయించాను. లోపల వైరు సగం తెగి, హ్యాండిల్ తిప్పినప్పుడల్లా విడిపోతోందట. మెకానిక్ నాగూర్ బాషా అన్నాడు, "అన్నకి అప్పుడే చెప్పాను వదినా. వద్దులే, వెనక మీ వదిన ఉందిగా అన్నాడు."

ఆ మాట నాతో ఒక్కసారైనా అనలేదురా.

ఇప్పుడు ప్రతిసారీ వెలుగుతోంది. వచ్చి తీసుకెళ్లు. దానికిక నాతో పనిలేదు.

మీ అక్క