షాపు మూయడం లేదు

అమలాపురం

నాన్నగారికి ప్రణతి నమస్కారాలు. మీరు ఫోను తీయడం లేదు కాబట్టి ఈ కార్డు. నేను బాగానే ఉన్నాను. షాపు మూయడం లేదు.

మీరు విన్నది నిజమే. సత్యనారాయణ గారనే రైతు రొయ్యల చెరువులో నేను అమ్మిన ఏరేటర్లు, అదే రొయ్యలకు నీళ్లలో గాలి అందించే యంత్రాలు, ఆగిపోయాయి. "ఫోను ఆపేసుకోండి మేడమ్, ఆయన నోరు మంచిది కాదు" అన్నాడు మా మెకానిక్ హరిబాబు. అతన్నీ, కొత్త ఏరేటర్లనూ ఆటోలో ఎక్కించుకుని నేనే వెళ్లాను. గట్టు మీద అందరి ముందూ ఆయన తిట్టారు.

"మీ ఇంట్లో మగాళ్లు లేరా అమ్మా, నువ్వొచ్చావు?"

"వ్యాపారం నాదండి. అందుకే నేనొచ్చాను."

హరిబాబుతో పాటు నడుంలోతు నీళ్లలోకి దిగి కొత్తవి బిగించాను. రొయ్యలు బతికాయి. ఆయన మళ్లీ నా దగ్గర కొంటారో లేదో తెలియదు. ఎదురెళ్లి నిలబడితే భయం సగం చస్తుందని మాత్రం తెలిసింది.

షాపు మూయకపోతే బోర్డు మీద అన్నయ్య పేరైనా రాయించమని కబురు పంపారు. తిట్లు తినేది నేను, పేరూ నాదే ఉంటుంది.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? మందు మానవద్దని చెప్పండి. నాయనమ్మకు దండాలు. మాగాయ అయిపోయింది, మీరే తీసుకురండి. కోప్పడాలనుంటే షాపులో కూర్చుని కోప్పడండి.

మీ ప్రణతి