గేముల కంపెనీకి పోలేదు

అన్నా,

నువ్వు పోయిన మూడేళ్లకు హైదరాబాదులో నాకు రెండు కొలువులు వచ్చాయి. ఒకటి వీడియో గేములు తయారుచేసే కంపెనీలో, ఇంకొకటి దవాఖానలకు కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే ఆఫీసులో.

నారాయణఖేడ్ బస్సు డిపో దగ్గరి మన గేముల దుకాణానికి ఏ మిషను కొనాలన్నా "ఏది తెద్దాం చెల్లె?" అని నన్నే అడిగేవాడివి. అందుకే గేముల కంపెనీకే పోదామనుకున్నాను.

నిన్న చేరడానికి పోతే ముందు ఒక గేము ఆడి చూడమన్నారు. ఇనుప రాడ్డుతో మనిషి తల పగలగొట్టాలి. తన గిరాకీ మన దుకాణానికి పోయిందన్న కోపంతో ఎదురు దుకాణమాయన నా కళ్ల ముందే నిన్ను కొట్టి చంపినట్టే నేనూ కొట్టాను. తెరంతా నెత్తురైంది. పడ్డవాడు మరుక్షణం లేచాడు.

జాయ్‌స్టిక్ వదిలేసి వచ్చాను. దవాఖానల కొలువుకు ఒప్పుకున్నాను.

"గేములదే గావాలంటివి, ఏమైందే?" అంది అమ్మ.

"గా గేములల్ల సచ్చినోళ్లు మల్ల లేస్తుండ్రమ్మా" అన్నాను.