జేబులో జెస్సీ సంతకం

7-7-2008, సోమవారం, నంద్యాల

దేవునికి స్తోత్రం! మా ఇంటికి సంతకం వచ్చింది. చిటికెన వేలంత ఉంది. టోకెన్ అంటారట. కంప్యూటర్‌కు గుచ్చి పాస్‌వర్డ్ కొడితే నా కూతురు జెస్సీ సంతకం పడుతుంది. చట్టం కూడా ఒప్పుకుంటుందట! జెస్సీ బేతంచెర్ల నాపరాళ్ల ఫ్యాక్టరీకి ఇక్కడి ఆఫీసులో సేల్స్ చూస్తుంది. ఆర్డర్ల మీద సంతకం చేసే అధికారం ఓనరు దానికే ఇచ్చాడు. ఐదో తరగతి చదివిన నేను ఇంత బిడ్డను కన్నానా అని నా భార్య దానమ్మను నాలుగుసార్లు అడిగాను. కన్నది నేను, నువ్వు ఆస్పత్రి బయట బీడీ తాగుతాంటివి అంది.

8-7, ఉదయం

పోయిన ఏప్రిల్‌లో కడప హోటల్ ఆర్డర్ పోయింది. కాగితాలు కొరియర్‌లో నాలుగు రోజులు తిరిగేసరికి వాళ్లు వేరే చోట రాయి కొన్నారు. జెస్సీ రెండు పూటలు అన్నం ముట్టలేదు. ఇక ఆ బాధ లేదు. బేరం కుదిరిన చోటే, కుదిరిన గంటకే సంతకం! బ్యాంకులో నా సంతకం వణికిందని మూడుసార్లు పెట్టించారు. ఇది వణకదు.

10-7

కొత్త వస్తువుకు పాస్టరు గారితో ప్రార్థన చేయించనిదే మా ఇంట్లో వాడం. కుట్టుమిషన్‌కు చేయించాం. కుక్కర్‌కు కూడా. రేపు ఆళ్లగడ్డలో ఆయన శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉంది.

11-7, సాయంత్రం 6 గంటలు

పొద్దున జెస్సీ స్నానానికి పోగానే టోకెన్‌ను రుమాలులో చుట్టి, జేబులో వేసుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాను. సాయంత్రానికి తెచ్చేస్తాను కదా, చెప్పాలని తోచలేదు. పాస్టరు గారు అరచేతిలో పెట్టుకుని, ఏందప్పా ఇది, తాళమా అన్నారు. మా జెస్సీ సంతకం అన్నాను. ఆయన కళ్లు మూసుకున్నారు. నా సెల్ మోగింది.

యాడుండావు నాయనా, నా టోకెన్ యాడ పెట్టినావు అంది జెస్సీ. బెంగళూరు అపార్ట్‌మెంట్లకు పద్దెనిమిది లారీల రాయి. సాయంత్రం నాలుగు లోపు సంతకమైన ఆర్డర్ అందకపోతే తాడిపత్రి ఫ్యాక్టరీ వాళ్లకు ఇచ్చేస్తారట. అప్పటికి రెండు దాటింది. నంద్యాల బస్సు మూడుకు గానీ లేదు. పాస్‌వర్డ్ చెప్పమ్మా, ఈడ నేనే కొడతా అన్నాను. నా సంతకం నువ్వు పెడితే దొంగ సంతకం గాదా, ఆడే ఇంటర్నెట్ సెంటర్ కాడ ఉండు, వస్తాండా అంది.

ఇంటర్నెట్ సెంటర్ ముందు నిలబడి నాకు తెలిసిన కీర్తనలన్నీ రెండుసార్లు పాడుకున్నాను. మూడూ ఇరవైకి ఆఫీసు జీపు వచ్చింది. జెస్సీ నన్ను చూడలేదు, చెయ్యి మాత్రం చాచింది. తన లాప్‌టాప్‌కు సెంటర్ వాళ్ల వైరు తగిలించింది. టోకెన్ గుచ్చింది. మూడూ నలభై ఎనిమిదికి సంతకం ఆళ్లగడ్డలో పడింది, బెంగళూరులో కనిపించింది! అయిపాయ నాయనా అంది. నేను రోడ్డు మీదే ఏడ్చేశాను. పాస్టరు గారు సగం ప్రార్థనే చేసినారా, మొత్తం చేసినారా అని అడిగి నవ్వింది, నా తల్లి!

12-7

దానమ్మ నాతో మాట్లాడడం లేదు. అన్నం మాత్రం రెండుసార్లు వడ్డించింది.

18-7, శుక్రవారం, ఉదయం 8

మొదటి లారీ ఈరోజు బయల్దేరుతుంది. జెస్సీ టోకెన్‌కు తాడు కట్టి మెడలో వేసుకుని పోయింది. గడపలో నిలబడి చెయ్యెత్తి ప్రార్థన చేశాను. దూరం నుంచే.