మామ కట్టు ఏ కాలికి?

అన్నయ్యా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మధ్యాహ్నం మాచ్‌ఖండ్ కరెంటు ప్రాజెక్టు క్వార్టర్లో నాన్నా నేనూ టీవీ చూస్తుంటే, మనం పోట్లాడుకున్న ఆ కామెడీ సినిమా వచ్చింది. పెళ్లిచూపుల సీనులో మామ కుడికాలికి ఉన్న కట్టు, అతను లేచి పరిగెత్తేసరికి ఎడమకాలికి మారుతుందని నువ్వనేవాడివి. నేను ఒప్పుకునేదాన్ని కాదు. ఈరోజు కళ్లారా చూశాను. మారింది.

నాన్న కూడా చూసి నవ్వాడు. మతిమరుపు ముదిరి, నువ్వు లేవన్న సంగతి కూడా నాన్నకిప్పుడు గుర్తుండటం లేదు.

"అమ్మీ, అన్నయ్యని పిలు. ఆడు సెప్పిందే నిజం," అన్నాడు.

"డ్యూటీకెల్లేడు నాన్నా."

"అయితే వచ్చేక సెప్పు. మర్సిపోకు."

చెబుతానని మాటిచ్చాను. అందుకే ఈ ఉత్తరం.

నీ చెల్లి