ఆ డబ్బాల్లో ఏం రాశానంటే

దిల్‌సుఖ్‌నగర్,
సోమవారం.

అమ్మకు, నీ బిడ్డ శ్రీకళ దండం పెట్టి రాస్తున్న ఉత్తరం.

నేను ఇక్కడ కులాసాగా ఉన్నాను. అక్కడ మీరందరూ కులాసా అని తలుస్తాను అని రాయాలని బడిలో నేర్పారు. నాయిన కన్ను అట్లా ఉండగా ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. నువ్వూ మేకలూ బాగున్నారని మాత్రం అనుకుంటున్నాను.

నీ ఉత్తరం శనివారం అందింది. రెండు పేజీలూ నీ చేత్తోనే రాశావని చూడగానే తెలిసింది. రూళ్ళు లేని కాగితం కాబట్టి వరసలు కిందికి జారాయి గాని, అర్థం కాని మాట ఒక్కటి కూడా లేదు. నా గదిలో ఉండే తెనాలి అమ్మాయి గీత దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మా అమ్మ డిగ్రీ చదివిందే. రోజూ పొద్దున్నే ఓ పూల బొమ్మ పంపి ఊరుకుంటుంది. మీ అమ్మ రెండు పేజీలు రాసిందా?" అంది. ఎండాకాలం సెలవుల్లో నీకు అక్షరాలు నేర్పింది నేనేనని చెప్పుకున్నాను. చెప్పాక ఎందుకు చెప్పానా అనిపించింది.

నేను కూడా పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. నెమ్మదిగా చదువు. ఈసారి కొంచెం ఎక్కువే రాయాల్సి ఉంది.

హాస్టల్లో తిండి గురించి అడిగావు. పప్పు పలచన, అన్నం మాత్రం కడుపునిండా పెడతారు. జ్వరం తగ్గింది. నువ్వు పంపిన కారప్పొడి అయిపోవచ్చింది. గీతే సగం తిన్నది.

పొద్దంతా ఫోన్లలో ఏం పని బిడ్డా అని అడిగావు. మా కోచింగ్ సెంటర్లో ఒక నోటీసు వస్తే దాన్ని నేను నాలుగు చోట్ల పెట్టాలి. తల్లిదండ్రులకు వాట్సాప్‌లో, పిల్లలకు టెలిగ్రామ్‌లో, సార్లకు ఆఫీసు వాళ్ళ సొంత యాప్‌లో, నీలాగ బటన్ల ఫోన్ ఉన్నవాళ్ళకు మామూలు మెసేజ్‌గా. ఒకదాంట్లో పెట్టింది ఇంకోదాంట్లోకి దానంతట అది పోదు. ఒకరి ఖరీదైన ఫోన్లో తీసిన ఫొటో మా ఆఫీసు కంప్యూటర్లో తెరుచుకోదు. ఇంకొకరి పాత ఫోన్లో యాప్ పనిచేయడమే మానేసింది. అన్ని చోట్లా పెట్టి బయలుదేరాక ఎవరో ఒకరు ఫోన్ చేసి "మాకు రాలేదు మేడం" అంటారు. నిజంగా రాలేదో, వచ్చినా చూడలేదో, చూసీ ఊరుకున్నారో ఎవరూ తేల్చలేరు. రాలేదన్న మాటకు ఎదురు మాట లేదమ్మా. ఈ రెండేళ్ళలో నేను నేర్చుకున్న పెద్ద చదువు అదే.

తర్వాతి ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నా ఫోన్ ఏ కంపెనీదో చెప్పమన్నావు. అదే కంపెనీది నువ్వూ కొంటే నీవి నాకు, నావి నీకు తప్పకుండా చేరతాయి గదా అన్నావు. అందుకోసం రెండు మేకలను ఈ శనివారం అంగడికి తోలతానని రాశావు. మన ఇంట్లో మంచి ఫోన్ ఉంటే మీ నాయిన కన్ను పోకపోవు అని చివర రాసి, దాని కింద ఇంకేదో రాసి కొట్టేశావు. కొట్టేసింది కూడా చదివాను. నాదే తప్పు అని ఉంది.

డాక్టర్ చీటీ ఫొటో తన ఫోన్ నుంచి నాకు పంపానన్న అంతయ్య కాక సంగతి కూడా రాశావు. నాయిన ఆయనతో మాట మానేసి నెల దాటిందని, చాయ్ కొట్టు దగ్గర పది మంది ముందు "ఫొటో పంపుడు రానోడివి, వస్తదని ఎందుకు చెప్పినవ్ రా?" అన్నాడని. ఇరవై ఏళ్ళు ఒకే లారీ మీద గడ్డిఅన్నారం మార్కెట్‌కు బత్తాయిలు తెచ్చిన మనుషులు వాళ్ళు. ఒకరి సద్ది ఒకరు తిన్నవాళ్ళు. కాక తన ఫోన్ తీసి, "గిదో పోయింది, రెండు టిక్కులు పడ్డయ్, సూడున్రి" అని అందరికీ చూపించాడట గదా. అప్పుడు నాయిన అక్కడి నుంచే నాకు ఫోన్ చేశాడు. అది నీకు తెలుసో లేదో. ఆ ఫోన్లో మాట బయటికి పెద్దగా వినపడుతుంది కాబట్టి అక్కడున్న వాళ్ళందరూ వినే ఉంటారు.

"రెండు టిక్కులు పడితే వచ్చినట్టేనా బిడ్డా?" అని అడిగాడు.

"అన్నిసార్లు కాదు నాయినా," అన్నాను.

"విన్నవా? సదువుకున్న పిల్ల చెప్తుంది," అని కాకతో అనడం నాకు వినిపించింది.

అమ్మా, దవాఖానలో ఆ శనివారం నీకు గుర్తుండే ఉంటుంది. నాయిన కంట్లో చీము పట్టిందని తెలిసిన రోజు. ఎల్బీ నగర్ దగ్గరి ఆ దవాఖానలో పెద్ద డాక్టర్ చీటీని చేత్తో తట్టి, "మూడో రోజున తీసుకురమ్మని ఇందులో రాసిచ్చాం కదమ్మా. ఇంట్లో చదువుకున్నవాళ్ళు ఎవరూ లేరా?" అన్నాడు. నువ్వు నా వైపు చూశావు. ఆ ఇంగ్లీషు చీటీ ఫొటో నాకు రాలేదని, కాక ఫోన్ పాతదని నేను చెప్పాను. నువ్వు వెంటనే నాకు అడ్డం వచ్చినట్టు నిలబడి, "మా ఫోన్ల తప్పు సారూ, మా బిడ్డది కాదు," అన్నావు. డాక్టర్ ఇంకేం అడగలేదు. ఆయన కూడా రోజూ ఇట్లాంటివి వింటూనే ఉంటాడు.

ఇక అసలు సంగతి రాస్తున్నాను. ఇక్కడి నుంచి ఇంకా నెమ్మదిగా చదువు.

ఫొటో నాకు వచ్చింది.

నాయినకు కంటి పొర ఆపరేషన్ అయి మీరు ఇంటికి చేరిన మంగళవారం సాయంత్రమే వచ్చింది. ఆ రోజు మా ఆఫీసులో పెద్ద గొడవ. పరీక్ష హాలు మారిందన్న నోటీసును బటన్ల ఫోన్ల వాళ్ళకు నేను తెలుగులో పంపాను. వాళ్ళ ఫోన్లలో తెలుగు అక్షరాలు పడవు, వరసగా డబ్బాలు పడతాయి. ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. నలభై మంది పిల్లలు పాత హాలుకు పోయి తిరిగొచ్చారు. మేనేజర్ అందరి ముందు నిలబెట్టి తిట్టాడు. నేను ఆ నలభై ఇళ్ళకూ ఫోన్ చేసి క్షమాపణ చెప్తుండగా నువ్వు మూడుసార్లు చేశావు. మూడుసార్లూ కట్ చేశాను. కట్ చేసినప్పుడు నీకు పోయిన ఇంగ్లీషు మెసేజ్ నేను రాసింది కాదు, ఫోన్ తానే పంపుతుంది. తర్వాత మాట్లాడతాను అని దానర్థం. మాట్లాడలేదు.

తర్వాత కాక నుంచి ఫొటో వచ్చింది, దాని కింద రెండు వరసలు. "డాక్టర్ రమ్మన్నది మూడు రోజులకా మూడు వారాలకా బిడ్డా. మీ నాయిన అడుగుతుండు." తెరిస్తే కాక ఫోన్లో టిక్కులు నీలంగా మారతాయి, చూశానని తెలిసిపోతుంది. తెరవకుండా, ఫోన్ తెరను పైనుంచి కిందికి లాగి ఆ రెండు వరసలూ చదివాను. చీటీ చదవాలంటే ఫొటో తెరవాలి. తెరిస్తే ఫోన్ చేయాలి. చేస్తే నాయిన చుక్కల మందు గురించి అడుగుతాడు, కాక తన పింఛను కాగితం గురించి అడుగుతాడు, పక్కింటి వెంకాయమ్మ కరెంటు బిల్లు గురించి అడుగుతుంది. ఊళ్ళో ఎవరికి ఏ కాగితం వచ్చినా నా ఫోన్‌కే వస్తుంది. చదువుకున్నదానివి గదా అంటారు. నేను చదివింది వీళ్ళందరి కాగితాలు చదవడానికేనా అని ఆ సాయంత్రం నాకు కోపం వచ్చింది. ఆపరేషన్ అంటే మూడు వారాలే అయి ఉంటుందిలే అనుకుని ఫోన్ బోర్లా పెట్టాను.

బుధవారం చూద్దామనుకున్నాను. గురువారం, ఇప్పుడు తెరిస్తే రెండు రోజులు ఏం చేశావంటారని తెరవలేదు. అంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు. ఏదన్నా ఉందేమో అని నేనూ వెతుక్కున్నాను. శనివారం పొద్దున నువ్వు ఫోన్ చేసి కన్ను ఉబ్బిందన్నావు.

నాయినను దవాఖాన నుంచి ఇంటికి పంపిన రోజు ఎల్బీ నగర్‌లో మిమ్మల్ని నల్గొండ బస్సు ఎక్కించాను. నాయిన కంటికి పట్టీ. కిటికీ పక్క సీటు నువ్వు ఆయనకు ఇచ్చావు, ఆయన అటువైపు చూడలేదు. బస్సు కదిలాక నేను మెట్రో మెట్ల మీద నిలబడి కాక పంపిన ఫొటోనూ ఆ రెండు వరసలనూ తెరవకుండానే తీసేశాను. ఇక ఆయన ఫోన్లో టిక్కులు ఎప్పటికీ నీలం కావు. చాయ్ కొట్టు దగ్గర ఆయన చూపించింది వాటినే. ఆయన నిజమే చూపించాడు. నా చదువు ముందు ఆయన నిజం నిలబడలేదు.

నీ ఆఖరి ప్రశ్న, ఆ మూడు డబ్బాల మెసేజ్‌లలో ఏం రాశావు బిడ్డా అని. బిడ్డ పంపినవి గదా అని చెరపలేదన్నావు, అప్పుడప్పుడు తీసి చూస్తున్నానన్నావు. ఇప్పుడు ఈ కాగితం మీద రాసిందే అమ్మా వాటిలో రాసింది. ఫొటో వచ్చింది, నేను చూశాను, అబద్ధం చెప్పాను అని మూడుసార్లు రాశాను. తెలుగులో రాశాను. నీ ఫోన్లో తెలుగు పడదని తెలిసే రాశాను. చెప్పేశానన్న ఊరట నాకు ఉంటుంది, నీకు మాత్రం తెలియదు. నలభై మంది పిల్లలకు తెలియక చేసిన పనిని నీకు తెలిసి చేశాను. నువ్వు వాటిని దాచుకున్నావని చదివాక, కాగితం మీద తప్ప ఇంకెట్లా చెప్పినా అది తప్పించుకోవడమే అవుతుందని అర్థమైంది.

మేకలను అంగడికి తోలకు. ఏ ఫోన్ కొన్నా ఇది మారదు. ఆ రోజు నీ ఫోన్ బాగానే ఉంది, కాక ఫోన్ బాగానే ఉంది, నాది అన్నిటికంటే బాగుంది.

ఈ ఉత్తరం గురువారానికి చేరుతుంది. ఎవరితోనూ చదివించకు. నువ్వే నాయినకు చదివి వినిపించు. నన్ను వెనకేసుకొస్తావని నాకు తెలుసు. "పని మీద ఉండె పాపం" అని, "చిన్నపిల్ల" అని మధ్యలో నీ మాటలు కలపొద్దు. నేను రాసింది రాసినట్టే చదువు. చదువుతుంటే ఆయన లేచి పోతే, మళ్ళీ కూర్చున్నప్పుడు మిగిలింది చదువు.

ఆదివారం మొదటి బస్సుకు వస్తాను. దిగి నేరుగా చాయ్ కొట్టు దగ్గరికి పోతాను. కాక మాట పడ్డది అక్కడే కాబట్టి నేను చెప్పాల్సిందీ అక్కడే, అందరూ ఉండగా. ఆ తర్వాత ఇంటికి రావాలా వద్దా అన్నది నాయిన ఇష్టం. రమ్మంటే ఎవరినైనా కొట్టు దగ్గరికి పంపించు. మధ్యాహ్నం బస్సు దాకా అక్కడే కూర్చుంటాను. ఎవరూ రాకపోతే ఆ బస్సుకే తిరిగి పోతాను. నువ్వు మాత్రం ఆయనకు తెలియకుండా రావొద్దు.

ఇట్లు,
ఆ ఫొటో అందిన నీ బిడ్డ,
శ్రీకళ