అన్న వెనకాల అడవిలోకి వెళ్తూ

అడవి అంచున ఆఖరి కావలి శిబిరంలో తాళ్లు పేనే నేను, నలభై ఆరేళ్లదాన్ని, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. అరచేతులు ఒలుచుకుపోయి కలం పట్టలేకపోతున్నందున, నేను చెబుతుంటే గుమాస్తా రాస్తున్నాడు. అనవసరమైన మాటలు తీసేద్దామంటున్నాడు. ఒక్కటి కూడా తీయడానికి వీల్లేదు.

కారణం రాయండి. ఈ అడవిలో దారులు మనిషి వెనకాలే మూసుకుపోతాయి. అందుకే లోపలికి వెళ్లేవాళ్లు నడుముకు తాడు కట్టుకుంటారు, బయట ఒకరు కొస పట్టుకుంటారు. మూడుసార్లు గుంజితే బతికున్నట్టు. అడవే లాగడం మొదలుపెడితే, పట్టుకున్నవాళ్లు కూడా పోకుండా తాడు కోసెయ్యాలి. పన్నెండేళ్ల కిందట మా ఆయన లోపల ఉండగా తాడు కోసింది మా అన్న. "చెల్లీ, ఆ లాగింది బావ కాదే" అన్నాడు. భయపడి ముందే కోశాడనుకున్నాను. అప్పట్నుంచి ఒకే గోడకు అటూ ఇటూ ఉంటూ అతనితో మాట్లాడలేదు.

ఈ ఉదయం, చోటు మారిన సరిహద్దు రాళ్లు చూడడానికి అన్న లోపలికి వెళ్లాడు. తాడు పట్టాల్సిన మనిషికి జ్వరమొస్తే నేను పట్టాను. పొద్దు బారెడెక్కేసరికి అడవి లాగింది. మనిషి లాగినట్టు కాదు, వరద లాగినట్టు. వదిన కత్తి అందించి "కోసెయ్యవే, నువ్వన్నా మిగులు" అంది. కొయ్యడం మొదలుపెట్టాను. ముప్పేట తాడులో ఒక పేట తెగేసరికి లాగుడు ఆగింది. కాసేపటికి తాడు మూడుసార్లు గుంజుకుంది. అన్న బతికే ఉన్నాడు. నేను కోసిన తాడు అతని బరువు ఆపదు. కాబట్టి కొత్త తాడుతో నేనే వెళ్తున్నాను.

1. నా పాక, రాట్నం, నార మా మేనకోడలికి. దానికి ఓపిక తక్కువ, పనితనం ఎక్కువ. ఎవరు తొందరపెట్టినా తడినారతో తాడు పేనకూడదు.

2. నాలుగేళ్ల కిందట కమ్మరి అడిగి పట్టుకెళ్లిన నిచ్చెన ఇకనుంచి అతనిదే. నన్ను చూసి పక్కసందులోకి తప్పుకోనక్కర్లేదు.

3. నా ఉన్ని దుప్పటి వదినకు. ఇన్నేళ్లూ అన్నకు తెలియకుండా గోడ మీదుగా కూరగిన్నె అందించింది. అన్నకు తెలుసని నాకూ తెలుసు. ఉప్పు ఎక్కువైన రోజు వండింది అతనే.

4. అన్న తిరిగొచ్చి నేను రాకపోతే, నా గడప దగ్గరున్న మా ఆయన చెప్పులు అతను తీసేయాలి. అతని కంట పడాలనే అక్కడ ఉంచాను. అతని అరచేతుల్లో మచ్చలు పన్నెండేళ్లుగా చూస్తూ, పనిలో పడ్డవనుకున్నాను. ఈ పొద్దున నా చేతులు చూసుకున్నాక తెలిసింది, అతను ఎంతసేపు పట్టుకున్నాడో.

5. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత వదినది. నా తాడు కొస పట్టేదీ ఆమే. అడవి లాగితే ఆలోచించకుండా కోసెయ్యాలి. మేనకోడలా, మీ అమ్మ నా తాడు కోసిన రోజు ఆమె పక్కనే కూర్చుని భోంచెయ్యి. ఒక్కపూట కూడా మాట మానకు.

మంచు కరిగిన ఇరవై రెండో రోజు, మధ్యాహ్నం.

నిశాని: బొటనవేలి ముద్ర. చర్మం లేక గీతలు పడలేదు, ముద్ర ఆమెదే.

సాక్షులు: శిబిరం వంటమనిషి, శిబిరం గుమాస్తా (రాసినవాడూ ఇతనే).